ఫ్రిజ్ మీద కాగితం

ఇరవై మూడేళ్ళ వయసుకి ఎబెన్‌కి అడవిలో బతకడం గురించి తెలియని సంగతి లేదు. తెలియనిదల్లా అడవే. నరసాపురంలో కాలవ దాటితే ఊరు, ఊరు దాటితే కాలవ. అక్కడ పెరిగినవాడికి అడవి ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? టీవీలో ఒక తెల్లాయన హెలికాప్టర్లోంచి దూకి, పురుగుల్ని నమిలి, బురదని చొక్కాలో వడగట్టి తాగి, నలభై నిమిషాల్లో రోడ్డెక్కి నవ్వేవాడు. ఎబెన్ ఆ ఎపిసోడ్లన్నీ రెండేసి సార్లు చూశాడు. చూసి ఊరుకుంటే ఈ కథే లేదు.

మాస్టర్స్ చదవడానికి ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి, ఊరి చివర పియారా వాటర్స్‌లో రాయప్ప, వసంతకుమారి దంపతుల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. రాయప్ప తూర్పువైపు గనుల ఊళ్ళకి సరుకుల లారీ తోలుతాడు. వసంతకుమారిది పాలకొల్లు, వృద్ధాశ్రమంలో ఉద్యోగం. అక్కడ ఎవరు గేటు దాటినా రిజిస్టర్లో రాయాలి. ఒకసారి రాయకుండా గేటు దాటిన ఓ ముసలాయన్ని పక్క వీధి బస్ షెల్టర్లో పట్టుకోవడానికి ఆరు గంటలు పట్టిందట. అప్పట్నుంచి ఆవిడ ఆ పద్ధతి ఇంటికీ తెచ్చేసింది. ఫ్రిజ్ మీద ఒక కాగితం, దారానికి కట్టిన పెన్ను. ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి వస్తారు. మూడు ముక్కలు రాస్తేనే గడప దాటాలి.

"ఏంటాంటీ, మేమేమన్నా మీ హోమ్‌లో పేషెంట్లమా?" అన్నాడు ఎబెన్ మొదటి వారం.

"ఆళ్ళకి కాస్త బుర్రుందిరా. రాసెళ్ళు."

రాసేవాడు. యూనివర్సిటీ, చర్చి, ఇండియన్ షాపు. చేతిరాత బాగుండేది కూడా.

జనవరిలో, అంటే అక్కడి నడివేసవిలో, ఒక శనివారం పెరట్లో కూర్చుని, కర్రతో కర్ర రాపిడి పెట్టి నిప్పు పుట్టించబోయాడు. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ మూడోగంటకి నిజంగానే పొగ వచ్చింది. ఆ రోజు ఊరంతా అగ్గి నిషేధం. బయట బార్బెక్యూ పొయ్యి కూడా వెలిగించకూడదని రేడియోలో పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నారు. వసంతకుమారి బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెతో వచ్చి ఆ పొగ మీద కుమ్మరించింది.

"నీ టీవీవోడు ఏ దేశంలో రాజేసేడో గానీ, ఇక్కడ ఇవాళ నిప్పురవ్వ లేత్తే ఈధంతా పోద్ది. ఫైన్ సంగతి తర్వాత."

ఎబెన్ నొచ్చుకున్నాడు. తన విద్యకి ఈ ఇంట్లో విలువ లేదని తేల్చుకున్నాడు. అసలైన చోటికి వెళ్ళి, మనిషికి ఒక్క సీసా నీళ్ళతో ఒక పగలు గడిపి, అంతా వీడియో తీసి అందరికీ చూపించాలనుకున్నాడు. సదరన్ క్రాస్ అనే ఊరు దాటాక హైవేకి దూరంగా ఒక గ్రానైటు గుట్ట ఉందనీ, దాని రాతి గుంటల్లో వాన నీళ్ళు నిలుస్తాయనీ రాయప్ప ఒకసారి మాటల్లో అన్నాడు. ఎబెన్ దారెటని అడిగి తెలుసుకున్నాడు. ఎండాకాలం కూడా నిలుస్తాయా అని అడగడం మాత్రం తోచలేదు.

తోడుకి భార్గవ్‌ని ఒప్పించాడు. సూర్యాపేట కుర్రాడు, క్లాస్‌మేటు, పక్క వీధిలోనే ఉంటాడు. పాత కారొకటి అతనిదే. ఫిబ్రవరి రెండో శనివారం తెల్లారకముందే బయల్దేరారు. ఆంటీకి నిజం చెప్తే గుమ్మం దాటనివ్వదు. అందుకని ఎబెన్ కాగితం మీద చక్కగా రాశాడు: "మాండూరా బీచ్. భార్గవ్‌తో. సాయంత్రం ఆరు." మాండూరా పెర్త్‌కి దక్షిణాన, సముద్రపు ఒడ్డున. వీళ్ళు వెళ్ళింది తూర్పుకి, నాలుగు గంటల దూరం. వెళ్ళేముందు షెడ్డులోంచి ఒక పార, హాల్లోని బాత్‌రూమ్‌లోంచి ప్లాస్టిక్ షవర్ కర్టెనూ తీసుకున్నాడు. గొయ్యి తవ్వి దానిమీద ప్లాస్టిక్ పరిస్తే మట్టిలోని తేమ నీరవుతుందని టీవీలో చూశాడు మరి.

హైవే దిగి ఎర్రకంకర దారిలో ఇరవై కిలోమీటర్లు బాగానే వెళ్ళారు. గుట్ట కనబడింది. దగ్గర దారి కదా అని ఎబెన్ చూపించిన ఇసుక బాటలోకి తిప్పగానే కారు ఇరుసుదాకా కూరుకుపోయింది. కొమ్మలు విరిచి టైర్ల కింద పెట్టారు, తోశారు, మ్యాట్లు పరిచారు. చక్రాలు ఇంకాస్త దిగాయి. ఫోన్లలో సిగ్నల్ లేదు. పదకొండింటికే నలభై మూడు డిగ్రీలు. గుట్ట ఎక్కి చూస్తే రాతి గుంటలు ఎండి, అడుగున నల్లటి పొరలు పెచ్చులు లేస్తున్నాయి.

ఎబెన్ ఇంకా బెదరలేదు. కెమెరా ఆన్ చేసి గొయ్యి తవ్వాడు. మధ్యలో కప్పు పెట్టి, పైన కర్టెన్ పరిచి, నడిమధ్య ఒక రాయి పెట్టాడు. కర్టెన్ మీద నీలం చేపల బొమ్మలు. రెండు గంటల తర్వాత కప్పులో మూడు చెంచాల నీళ్ళున్నాయి. తవ్వడానికి కారిన చెమట అంతకి ఎన్ని రెట్లో లెక్క కట్టక్కర్లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. సీసాలు రెండూ అప్పటికే ఖాళీ.

"హైవే దాకా నడిచేస్తాను. టీవీలో ఆయన ఎప్పుడూ ఒకచోట కూర్చోడు, మూవ్ అవుతూనే ఉంటాడు," అన్నాడు ఎబెన్.

"ఆయన పక్కన కెమెరా పట్టుకున్నోడు ఉంటడు గద," అన్నాడు భార్గవ్. "ఆని ఎనక డాక్టరు, ఆని ఎనక బండి. ఆయన ఏడున్నడో వాళ్ళకెర్క. మనమేడున్నమో ఎవలికెర్క?"

ఎబెన్ టోపీ పెట్టుకుని నడిచాడు. రెండు వందల అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి భార్గవ్ కేక వినిపించింది.

"పో! నువ్వెటు పోయినవని అడిగితే ఏం చెప్పాలె? ఆంటీ ఫ్రిజ్ మీద ఏం రాసొచ్చినవ్?"

కాళ్ళు ఆగిపోయాయి. ఏం రాశాడో భార్గవ్‌కి తెలియదు. ఎబెన్‌కి తెలుసు. సాయంత్రం ఆరు దాటాక ఆవిడ ఆ కాగితం చూస్తుంది. వెతకడం మొదలుపెడితే వెతికేది సముద్రంలో. ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల అవతల. తనని చంపేది ఈ ఎండ కాదు, తన చేతిరాత. ఆ ఎండలో నిలబడి మొదటిసారి భయపడ్డాడు, చిన్నపిల్లాడిలా భయపడ్డాడు.

తిరిగొచ్చి, ఏం రాశాడో భార్గవ్‌కి చెప్పేశాడు. భార్గవ్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. తిట్టి తిట్టి, డిక్కీ తెరిచి, పాత దుప్పటి కింది నుంచి పది లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు బయటికి తీశాడు.

"కార్ల మనిషికి పది లీటర్ల నీళ్ళు లేకుండ సిటీ దాటొద్దని మొన్న ఆంటీ చెప్పింది. నీ వీడియో ఖరాబైతదని నీకు చెప్పలె."

ఆ తర్వాత ఇద్దరూ చేసింది ఏమీ లేదు, అదే మంచిదైంది. కారు బానెట్ ఎత్తిపెట్టి, పక్కనున్న చెట్టు నీడలో పడుకుని, కొద్దికొద్దిగా నీళ్ళు తాగుతూ ఆ పగలూ ఆ రాత్రీ గడిపారు. మర్నాడు ఎనిమిదింటికి దూరంగా దుమ్ము లేచింది. ఎబెన్ కారు లోపలి అద్దం ఊడబీకి, ఎండ దానిమీద పడేలా తిప్పి తిప్పి మెరిపించాడు. అదీ టీవీలో నేర్చుకున్నదే. అన్యాయంగా మాట్లాడకూడదు కదా, ఆ ఒక్కటీ పనికొచ్చింది. పోలీసు బండి ఆ మెరుపు చూసే ఇటు తిరిగింది.

"బండి వదిలి వెళ్ళలేదు, మంచి పని చేశారు. వెళ్ళినవాళ్ళని మేం చాలా ఆలస్యంగా కనుక్కుంటాం," అంది పోలీసావిడ, ఇద్దరి నాడీ చూస్తూ. అంతకుమించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

ఎబెన్ చదువు పూర్తిచేసి, ఇప్పుడు ఆ గనుల వైపే ఉద్యోగం చేస్తున్నాడు. ఏటా ఫిబ్రవరిలో చర్చి ఫెలోషిప్‌కి వచ్చే కొత్త స్టూడెంట్లకి ఈ కథ చెప్తాడు. నీళ్ళు, బండి, ఎక్కడికెళ్తున్నారో ఒకరికి నిజం చెప్పడం, ఇవన్నీ చెప్తాడు. చేపల కర్టెన్ దగ్గర వాళ్ళు నవ్వితే తనూ నవ్వుతాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక జరిగింది మాత్రం చెప్పడు.

వాళ్ళని తీసుకురావడానికి సదరన్ క్రాస్ దాకా రాయప్పే వచ్చాడు. భార్గవ్ వెనక సీట్లో నిద్రపోయాక నోరు విప్పాడు.

"నిన్న మీ ఆంటీ డ్యూటీ నించొచ్చి ఏడు దాకా చూసింది. తర్వాత మాండూరా పోదాం పదండంది. బీచ్ కార్ పార్కులన్నీ తిరిగేం. భార్గవ్ కారెక్కడా లేదు. అయినా ఇనదే! ఒడ్డంటా నడిచింది. పదకొండింటికి బలవంతాన ఇంటికి తెచ్చేను. కాళ్ళు కడుక్కుందామని ముందు బాత్‌రూమ్‌లోకెళ్ళి, 'కర్టెనేదండీ' అని అరిచింది. బీచ్‌కెళ్ళేవోడు తువ్వాలు తీసుకెళ్తాడు గానీ కర్టెన్ తీసుకెళ్తాడా? షెడ్డులో పారా లేదు. అప్పుడు నాకు ఎలిగింది, నువ్వా గుట్ట దారి అడిగేవని. ఎంటనే పోలీసులకి చెప్పేం."

ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదైంది. గుమ్మం పక్కన వసంతకుమారి డ్యూటీకి వేసుకెళ్ళే నల్ల బూట్లున్నాయి. నిన్న విప్పినవి విప్పినట్టే పడున్నాయి. వాటి నిండా తెల్లటి ఇసుక. తడిసి, ఎండి, గట్టిపడింది.

ఆవిడ వంటింట్లో చారు కాస్తోంది. వెనక్కి తిరిగి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తిడుతుందనుకుని తలొంచుకున్నాడు.

"నీళ్ళలోకి చూస్తా నడిచేను. ఏదన్నా నల్లగా తేల్తే నువ్వేననుకున్నాను," అంది. "బీచ్ అని నువ్వే రాసేవు కదా నాన్నా. నమ్మేను."

గుట్ట దగ్గర ఏడవనివాడు అక్కడ ఏడ్చాడు. తర్వాత ఆ బూట్లు పెరట్లోకి తీసుకెళ్ళి, మెట్టుకేసి కొట్టి దులిపాడు. చాలా ఇసుక రాలింది.