రిటైరైనాక చేద్దామనుకున్న పని

మిల్లు నుంచి రిటైరైన మర్నాడు మద్దయ్య పొద్దున్నే లేచి, పెరట్లో సానరాయి తడిపి, వేటకొడవలి నూరడం మొదలుపెట్టాడు. ఆ గరగరకు లేచివచ్చిన అతని భార్య పార్వతమ్మ గడపలోనే నిలబడిపోయింది. ఎప్పుడో ఒకరోజు ఈ చప్పుడు వినాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

"యాబై ఎనిమిదేండ్లు వచ్చినాయి," అంది. "ఇంగ బతికేది పదేండ్లో, పన్నెండేండ్లో. ఆ నాలుగు దినాలు గూడా ఆదెప్పకే ఇస్తావా?"

"ఈ పని కానీ. ఆమీద దినాలన్నీ నీవే."

"ఆమీద నువ్వు జైల్లో ఉంటావు, నేను జైలు గేటుకాడ ఉంటా. బో సుఖం!"

మద్దయ్య కొడవలి తిప్పి రెండో వైపు నూరాడు.

పన్నెండేళ్ల కింద, 1970లో, ఆస్పరి దగ్గరి సొంత ఊళ్లో అతని తమ్ముడు అయ్యన్నను ఆదెప్ప చంపాడు. ఆదెప్ప గొర్రెలు అయ్యన్న జొన్నచేలో పడ్డాయి. అయ్యన్న రెండు గొర్రెల కాళ్లు విరగ్గొట్టాడు. మర్నాడు ఆదెప్ప గొడ్డలితో వచ్చి, గట్టు మీద కూర్చుని తింటున్న మనిషి మెడ మీద మూడు దెబ్బలు వేశాడు. మద్దయ్య మిల్లున్న ఆదోని నుంచి చేరేసరికి తల ఒక పక్కకు వాలి తోలుకు వేలాడుతోంది. నోట్లో సంగటి ముద్ద మింగకుండా అట్లాగే ఉంది. దాన్ని వేలితో బయటికి తీసింది మద్దయ్యే.

ఆదెప్ప జైలు నుంచి తిరిగొచ్చేసరికి మద్దయ్యకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. జిన్నింగు మిల్లులో యంత్రం నోటికి పత్తి అందించే ఆ పనితోనే తన ఇల్లూ, చచ్చిపోయిన తమ్ముడి ఇల్లూ నడుస్తున్నాయి. "రిటైరైనాక చూస్తా," అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. టీ అంగడి దగ్గర ఆదెప్పను ముఖం మీదే అడిగేవాళ్లు.

"ఏమప్పా, మద్దయ్యకు ఇంగ ఎన్ని నెల్లుంది సర్వీసు?"

"రెండేండ్ల నాలుగు నెల్లు," అనేవాడు ఆదెప్ప. ఎప్పుడడిగినా లెక్క తప్పేవాడు కాదు.

రిటైరైన నెలంతా మద్దయ్య పొద్దున బస్సుకు ఆస్పరి పోయి, అక్కడి నుంచి నడిచి, వంక ఒడ్డున తంగేడు పొదల్లో కూర్చునేవాడు. ముప్పై రెండేళ్లు సైరను కూతకు లేచి, సైరను కూతకు తిన్న ఒళ్లు; గడియారంతో పని లేదు. ఎనిమిదిన్నరకు ఆదెప్ప గొర్రెలు వంక దాటుతాయి. వాటి వెనక నల్ల కంబళి కప్పుకుని ఆదెప్ప దాటుతాడు. అంతే చూసేవాడు. చుట్టూ వేరుశెనగ పూత పట్టింది, సజ్జ మోకాళ్లెత్తు లేచింది. అవేవీ అతని కంట్లో పడలేదు. పార్వతమ్మ ఎమ్మిగనూరులో అక్క మనవరాలి పెళ్లికి ఒక్కతే పోయివచ్చింది. పెళ్లి ఎలా జరిగిందని కూడా అతను అడగలేదు.

శ్రావణంలో ఒక పొద్దున తుంపర పడుతోంది. సరిగ్గా ఎనిమిదిన్నరకు గొర్రెలు వచ్చాయి. వెనక కంబళి తలమీదుగా ముసుగేసుకున్న మనిషి. మద్దయ్య పొదలోంచి దూకి, రెండు చేతులా ఎత్తి, మెడకు గురిచూసి వేశాడు. తడిసిన కంబళి మందానికి కొడవలి జారి భుజంలో దిగింది. ఎముక తగిలి చెయ్యి జిల్లుమంది. లాగి మళ్లీ ఎత్తేసరికి కేక వినబడింది. ఆడ కేక.

ముసుగు తొలిగింది. ఆదెప్ప భార్య భీమక్క.

మిల్లులో ఎవరి షిఫ్టుకు వాళ్లే వస్తారు. గొర్రెలున్న ఇంట్లో అట్లా కాదు. ఎవరికి ఒళ్లు బాగుంటే వాళ్లు తోలుకుపోతారు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మద్దయ్యకు ఆ సంగతి గుర్తే రాలేదు.

"ఆయప్పకు జరం, మద్దన్నా," అంది భీమక్క బురదలో కూర్చుండిపోయి. నెత్తురు మోచేతి దాకా కారుతోంది. "ఇంట్లో పండుకోనుండాడు. పో, నరికిరాపో. మూడేండ్ల నుండి నీ కోసరమే సూస్తాండాడు."

మద్దయ్య కొడవలి పారేసి, తలగుడ్డ విప్పి ఆమె భుజానికి బిగించి, వీపు మీదకెత్తుకుని ఊళ్లోకి పరుగెత్తాడు.

వసారాలో మంచం మీద ఆదెప్ప కళ్లు తెరిచి చూశాడు. ఎదురుగా మద్దయ్య, అతని వీపు మీద నెత్తురు ముద్దగా తన పెళ్లాం. చూరులోంచి గొడ్డలి లాగి విసురుగా వేశాడు. జ్వరంలో గురి తప్పింది. మద్దయ్య ఎడమ చెవి సగం తెగి వేలాడింది, గొడ్డలి అంచు భుజం మీది చర్మం చీల్చుకుంటూ పోయింది. చేతులు రెండూ భీమక్క కాళ్ల కింద ఉన్నాయి. మద్దయ్య అవి వదల్లేదు. ఆదెప్ప మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

"తర్వాత నరుక్కోండప్పా!" అని వీపు మీంచి అరిచింది భీమక్క. "ముందు బండి కట్టండి. నా నెత్తురంతా పోతాంది!"

ఆస్పరి దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి పత్తి లారీ. బండి తోలింది ఆదెప్ప. గాయం మీద రెండు అరచేతులూ అదిమిపట్టుకున్నది మద్దయ్య. కొంచెం సడలిస్తే వేళ్ల సందుల్లోంచి వెచ్చగా ఉబికేది. నిన్న చేసిన ఆలోచన, రేపు చెయ్యాల్సిన పని, ఏదీ తోచలేదు. ఈ ఊపిరి తీసింది. ఇంకొకటి తీసింది. రాయి మీద బండి ఎగిరినప్పుడు ఆమె మూలిగింది. మూలిగితే బతికే ఉందని అతనికి ఏడుపొచ్చింది. తన మెడ మీదుగా కారుతున్న నెత్తురు తుడుచుకోవాలని కూడా గుర్తురాలేదు.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, "ఎలా తెగింది?"

"గడ్డి కోస్తాంటే జారి కొడవలి మీద పడితి సార్," అంది భీమక్క.

"మరి ఈయన చెవి?"

"ఆయప్ప గూడా జారినాడు."

డాక్టరు ముగ్గురినీ ఒకసారి చూసి సూది అందుకున్నాడు. మద్దయ్య చేతులు బిగుసుకుపోయి గాయం మీంచి రాలేదు. నర్సు ఒక్కొక్క వేలే విడదీసింది. బతుకుతుందని మధ్యాహ్నానికి చెప్పారు.

చెవికి కట్టుతో మద్దయ్య వరండా బల్ల మీద కూర్చున్నాడు. ఆదెప్ప వచ్చి అదే బల్ల ఆ చివర కూర్చున్నాడు.

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"రాను."

"నిజంగానా?"

"రానంటాంటే."

ఆదెప్ప కాళ్లు చాపుకున్నాడు. జైలు నుంచి వచ్చినప్పటి నుంచి ఏ తలుపుకూ వీపు చేసి కూర్చోని మనిషి, గోడకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తల వెనక్కి వాలి గొంతు మొత్తం బయటపడింది. తెల్ల వెంట్రుకల కింద నరం కొట్టుకుంటోంది. మద్దయ్యకు అయ్యన్న నోట్లోని సంగటి ముద్ద గుర్తొచ్చింది. అది ఇక ఎప్పటికీ గుర్తొస్తూనే ఉంటుందని తెలిసింది. అయినా అతను లేవలేదు.

కబురు విని పార్వతమ్మ పరుగున వచ్చింది. మొగుడి చెవినీ, పక్కన నిద్రపోతున్నవాణ్నీ చూసి, "ఇంటికి పోదాం పా," అంది.

"ఈయప్ప నిద్ర లేసేదాకా ఉందాం," అన్నాడు మద్దయ్య మెల్లగా, బల్ల మీద పక్కకు జరుగుతూ. "కూసో. ఎమ్మిగనూరు పెండ్లి ఎట్ల జరిగినాది, సెప్పు."