చింతపండుతో తోమిన దుర్భిణి

నాకు పెళ్లయిన ఏడాది ఉగాదికి జరిగిందిది. మాది కోట దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. వేట మానేసిన మా మామ రోజూ సాయంత్రం మిద్దె మీద తాతలనాటి ఇత్తడి దుర్భిణి పెట్టుకుని కొడుకుల పడవ కోసం చూసేవాడు. మూరెడు గొట్టం. దాని పెట్టె మూతకే బిగిస్తే నిలబడేది. అడుగున గాజు అద్దానికి బదులు, అద్దంలా నునుపు పెట్టిన, నడుమ చిల్లున్న కంచు బిళ్ల ఉండేది. దూరాన్ని దగ్గరికి తెచ్చేది ఆ బిళ్లే. దాన్ని ఆయన ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

పండగకని ఇత్తడి సామానంతా తోముతూ మా అత్త దుర్భిణి మరలు కూడా విప్పింది. బిళ్ల నల్లబడిందని చింతపండు, ఇసుక వేసి బరబరా రుద్దింది.

సాయంత్రం మామ గొట్టానికి కన్ను ఆనించి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కోపం ఊరందరికీ తెలుసు.

"ఏమయ్యా, తేటగా కనపడతా ఉండాదా?" అంది అత్త.

"ముందుకంటే బాగుండాదే. అదో, మనోళ్ల పడవ" అన్నాడు మామ.

ఆయన కిందికి దిగాక నేనూ చూశాను. బిళ్ల నిండా గీతలు పడి, అంతా పొగమంచే.

బతికినన్నాళ్లూ మామ ఆ మంచులోకే చూసి అత్తకు పడవల కబుర్లు చెప్పాడు. అంత కోపిష్టి మనిషి అంత నెమ్మదిగా అబద్ధమాడటం నేను మరిచిపోలేను.

ఇప్పుడు పడవలో వాళ్ల దగ్గర ఫోన్లున్నాయి. అయినా చూపు తగ్గిన అత్త ఏటా ఉగాదికి దుర్భిణి తోమి నా చేతికిస్తుంది.

"మనోళ్లు వస్తా ఉండారేమో చూడు."

నేను కన్ను ఆనిస్తాను.

"వస్తా ఉండారత్తా."