రొయ్యల గుంట మీద నా చేతిరాత

మా స్కానింగ్ సెంటర్‌లో పాత కంప్యూటర్లు తీసేసిన వారం నేను మనిషిని కాదు. కౌంటర్లో కూర్చునేది నేనే కాబట్టి, పేషెంట్ల వివరాలు ఒక్కటి కూడా బయటికి పోకూడదని ఆ బాధ్యత నా నెత్తిన పెట్టినారు డాక్టరుగారు. ప్రతి కంప్యూటర్లోంచి హార్డ్ డిస్క్ ఊడదీయించినాను. మెకానిక్ డ్రిల్లుతో ఒక్కోదానికి మూడేసి బొక్కలు పెడుతుంటే పక్కనే నిలబడినాను. "మేడం, ఇంక దీన్ని దేవుడు కూడా చదవలేడు, పోయి కాఫీ తాగండి" అన్నాడతను. తాగలేదు. ఇంకో బొక్క పెట్టించినాను.

ఇంత చేసినదాన్ని, బీరువా కింది అరలో ఉన్న సీడీల పెట్టె సంగతే మర్చిపోయినా! సీటీ స్కాన్ తీసినాక ఫిల్ముతో పాటు ఒక సీడీ కూడా ఇస్తాం. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళు దాన్ని మాకే వదిలేసి పోతారు. అట్టా ఏళ్ళ తరబడి పేరుకున్నవి అవి. ప్రతిదాని మీదా పేరు, ఊరు, ఏ స్కానో మార్కర్‌తో నేనే రాసినాను. అన్నీ నాశనం చేసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టబోతూ గుర్తొచ్చి అర తెరిస్తే ఖాళీ.

అటెండరన్నను అడిగితే తల గోక్కున్నాడు. "పారేసేవే కదమ్మా అని పోయిన నెల మా బావమరిదికి ఇచ్చినా. రొయ్యల గుంట మీద కట్టుకున్నాడు. ఎండకు తళతళమంటుంటే నీటికాకులు దిగవు."

ఒళ్ళు మండింది. గుంట ఏ ఊళ్ళో అని అడిగినాను. చెప్పినాడు. మంట చల్లారి గుండె జారిపోయింది.

ఆ ఊరి నుంచి ఒక పెద్దాయన దగ్గు తగ్గక స్కాన్‌కు వచ్చినాడు, నాలుగు నెలల కిందట. తేలింది క్యాన్సర్. ముదిరిపోయిందని డాక్టరుగారు ఆయన భార్యను లోపలికి పిలిచి చెప్పినారు. ఆమె బయటికొచ్చి నా కౌంటర్ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఆయనకు నెమ్ము అనే చెప్తా. ఉన్నన్నాళ్ళు నవ్వుతా ఉండనీ. ఈ బిళ్ళ మాకొద్దు. నాకు చదువు రాదు, ఆయనకొచ్చు. నీ దగ్గరే ఉంచు, నీకు దండం పెడతా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. మాటిచ్చినాను. మర్చిపోతానేమోనని, నా బుద్ధి గడ్డి తిని, ఆ సీడీ మీద ఆయన పేరు కిందనే ఎర్ర మార్కర్‌తో రాసుకున్నాను: "క్యాన్సర్ అని ఈయనకు చెప్పొద్దు."

ఇంక సీట్లో కుదురుగా కూర్చోగలనా! కాలుగాలిన పిల్లిలాగా రెండుసార్లు గేటు దాకా పోయొచ్చినాను. వట్టి చేతుల్తో పోతే గుంటవాళ్ళు ఇవ్వరని, స్టోర్లో మిగిలిన ఖాళీ సీడీల కట్ట, కత్తెర సంచిలో వేసుకుని స్కూటీ తీసినాను. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసిన వాళ్ళను దారి పొడుగునా తిట్టుకున్నాను. ఆయన చదివేసుంటే? ఇంకెవరన్నా చదివి చెప్పేసుంటే? ఉప్పుటేరు వంతెన ఎట్టా దాటినానో కూడా గుర్తు లేదు.

గుంట మీద అడ్డంగా కట్టిన తీగలకు సీడీలు గాలికి తిరుగుతున్నాయి. ఒకామె గర్భసంచి, ఒకాయన వెన్నుపూస, అన్నీ నా గుండ్రటి అక్షరాల్లో. గట్టు మీద నడిచే ఎవరైనా చదువుకోవచ్చు. సిగ్గుతో చచ్చిపోయినాను. ఎర్రక్షరాల సీడీ మాత్రం తీగ మీద లేదు. గట్టు చివర కాపలా గుడిసె చూరుకు వేలాడుతోంది. దాని కింద కాపలాదారు మంచం. మంచం మీద నుంచి దగ్గుకుంటూ లేచింది ఆ పెద్దాయనే.

"స్కానింగ్ అమ్మాయివి కదా! ఇంత దూరం వచ్చినావే?"

"ఈ సీడీలు పాడైపోయినాయి పెద్దాయనా, కొత్తవి కడదామని..."

ఆయన నవ్వినాడు. "ఆ ఎర్ర రాత కోసమేనా?"

నేను చూరు వైపు చూసినాను.

"అది మా ఆడమనిషి కట్టిందిలే. ఎర్రగా బాగుందని ఏరి మరీ నా తల మీదికి కట్టింది. కట్టిన రోజే చదివినా. దింపితే ఎందుకు దింపినావని అడుగుద్ది. నాకు తెలిసిందని తెలిస్తే అది తట్టుకోలేదమ్మా."

"నాదే తప్పు పెద్దాయనా" అని అక్కడే నిలబడి భోరుమన్నాను.

"ఊరుకో, ఊరుకో. అది అన్నం తెచ్చే వేళయింది. తొందరగా మార్చేయ్."

ముందు దాన్నే దింపి కత్తెరతో ముక్కలు చేసి సంచిలో వేసుకున్నాను. దాని చోట ఖాళీది కట్టినాను. తీగ మీదవి ఆయన దింపి ఇస్తుంటే నేను కత్తిరించినాను. చివరిది కత్తిరిస్తుండగా గట్టు మీద ఆమె క్యారియర్‌తో కనిపించింది. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

"పాత సీడీలు మార్చాలని వచ్చినానక్కా" అన్నాను గబగబా.

ఆమె చూరు వైపు చూసింది. "అయ్యో, ఎర్రగా రాసుండేదే, అది బాగుండేది. ఏమని రాసుండారమ్మా దాని మీద?"

నేను నోరు తెరిచేలోపల ఆయనే అందుకున్నాడు. "కంపెనీ పేరేలే. ఆకలేస్తా ఉంది, అన్నం పెట్టు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఆమె ఆయన వెనక నిలబడి క్యారియర్ విప్పుతూ నా వైపు చూసి కళ్ళతోనే అడిగింది, చెప్పలేదు కదా అని.

లేదని తల ఊపినాను. ఆమె ముఖం తేటపడింది. ఇంకాస్త చేపల పులుసు పోసి, ముళ్ళు ఉంటాయి చూసుకుని తినమని ఆయనకు చెప్పింది.