ఆసిమాకు కావలసిన పిల్లి మీసం

బాన్సువాడ పాత బస్టాండు దగ్గర ముస్తఫాది కటింగ్ దుకాణం. ఒకటే కుర్చీ, రెండు అద్దాలు, గోడకు ఎప్పుడో తేదీలు చెల్లిపోయిన క్యాలెండరు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఉత్త గడ్డం గీయించుకుని లేచి పోయినట్టు ఎవరూ చూడలేదు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి కోడలు అలిగింది, నిజాంసాగర్ నీళ్లు ఎప్పుడు వదులుతారు, అన్నీ విని, తన వంతు రెండు కలిపి మరీ లేస్తాడు. ఆ కబుర్ల మధ్య మూలన బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ పెరిగిన పిల్ల ఆసిమా, ముస్తఫా ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడామె హైదరాబాదులో సైంటిస్టు. కంటికి ఆననంత చిన్న వాటి ఆకారం ఎట్లా ఉంటుందో కనిపెట్టడం ఆమె పని.

ఆ పిచ్చి పట్టుకున్నది కూడా ఆ దుకాణంలోనే. గడ్డం గీసిన తర్వాత చెంపకు రాసే పటిక ఉంటుంది కదా, అది కింద పడి పగిలితే ముక్కలు ఏరుకుని ఆసిమా వేడి నీళ్ల టీ గ్లాసులో వేసింది. పైనుంచి ఒక దారం వేలాడదీసి మరిచిపోయింది. కొన్నాళ్లకు చూస్తే దారానికి నగలపనివాడు చెక్కినట్టు మూలలన్నీ తీరిన చిన్న రాయి. మళ్లీ కరిగించింది, మళ్లీ అదే ఆకారం. ఎందుకని వాళ్ల నాన్నను అడిగితే, “నేనైతే చెక్కలే బేటా, నా మీద పెట్టకు” అన్నాడు. నురగ పూసుకుని కూర్చున్న గిరాకీలను అడిగితే ఒకాయన దేవుడి మహిమ అన్నాడు, ఇంకొకాయన గ్లాసు మహిమ అన్నాడు.

చివరికి బడిలో రామబ్రహ్మం సారు చెప్పాడు. “లోపల కండ్లకు కనవడనంత చిన్న చిన్నయి ఉంటయమ్మ. అవి వరుస తప్పకుండ నిలవడ్డయనుకో, బయట గిట్ల మూలలొస్తయి.”

“లోపల ఉన్నయి ఎవరన్న చూసిన్రా సార్?”

“చూసిన్రు. ఎక్స్‌రే కొట్టి చూస్తరు.”

సారు చెప్పింది వేరే రకం ఎక్స్‌రే. పిల్లకు తెలిసిన ఎక్స్‌రే ఒక్కటే. మర్నాడు పటిక రాయిని దస్తీలో చుట్టుకుని ఊళ్లో ఒక దవాఖానకు పోయి ఎక్స్‌రే తీసే ఆయన ముందు పెట్టింది. ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి ఏడ నొస్తుందట?” అని అడిగాడు. ఆ మాట దుకాణంలో ఏడాది నడిచింది.

నవ్వినవాళ్లు నవ్వారు గానీ ఆసిమా ఆగలేదు. ఇక్కడ డిగ్రీ, హైదరాబాదులో ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. డాక్టర్ అని పేరు ముందు చేరాక చుట్టాలు నడుము నొప్పికి మందు రాయమని రావడం మొదలుపెట్టారు. వాళ్లమ్మ రహీమున్నిసా అందరికీ ఒకటే జవాబు చెప్పేది, “మా పిల్ల సూది ఎయ్యని డాక్టరు. ఛాయ్ తాగి పోండ్రి.”

ఆసిమా పట్టుకున్నది వరికి అగ్గి తెగులు తెచ్చే బూజును. కాలువ నీళ్లతో పండే ఊళ్లు మనవి. ఏటా ఎవరో ఒకరు దుకాణం కుర్చీలో కూర్చుని, ఆకు మీద మచ్చ పడ్డది, మడి కాలినట్టయ్యింది అని వాపోవడం విని పెరిగింది ఆమె. ఆ బూజు ఒక ప్రోటీన్‌ను వదిలి ఆకును లొంగదీసుకుంటుంది. దాని ఆకారం తెలిస్తే దాన్ని ఆపే దారి దొరకవచ్చు. ఆకారం తెలియాలంటే ఎక్స్‌రే కొట్టాలి, ఎక్స్‌రే కొట్టాలంటే అది ముందు పటికలాగా వరుసలో నిలబడి గడ్డకట్టాలి. అది నిలబడదు. దేశదేశాల వాళ్లు పట్టుబట్టి విసిగి వదిలేశారు.

“పటిక అంటే బడిల ప్రార్థనకు నిలవడ్డ పిల్లలు అబ్బా,” అని ఒకసారి వాళ్ల నాన్నకు చెప్పింది. “ప్రోటీన్ అంటే పెండ్లిల బువ్వ కాడ జనం. వరుసల నిలవడుమంటే నిలవడ్తరా?”

ముస్తఫాకు ఈ మాట ఎంత నచ్చిందంటే కత్తి పట్టుకున్నప్పుడల్లా గిరాకీకి చెప్పేవాడు. మెడ మీద కత్తి ఉన్నవాడు ఒప్పుకోక ఏం చేస్తాడు.

ఏండ్ల తరబడి కష్టపడితే ఒకనాడు ప్రోటీన్ కలిపిన ఒక నీటి చుక్కలో ఏదో గడ్డకట్టింది. అయితే పటిక రాయిలా కాదు, పల్లేరుకాయలా ముళ్లు ముళ్లుగా. దానికి ఎక్స్‌రే కొడితే అలుక్కుపోయిన బొమ్మ తప్ప ఏమీ రాదు. మూలలు తీరిన ఒంటి గడ్డ కావాలి. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చి పడింది. ల్యాబుకు తాళం వేస్తారని తెలియగానే ఆసిమా ఆ చుక్కల పళ్లేన్ని, మిగిలిన కాస్త ప్రోటీన్ సీసాను మంచుగడ్డలతో థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని ఆఖరు బస్సుకు బాన్సువాడ వచ్చేసింది. మిగిలింది అంతే. ల్యాబులో ఆమెకు పెద్ద అయిన సారు ఫోన్లో మెత్తగానే చెప్పాడు, “ఆసిమా, ఇదొక్కటి చూడు. ఈసారి కూడ రాకపోతే ఈ బూజును వదిలెయ్. తెరిచినంక వేరే వాళ్ల పనిల చేరుదువు.”

అంటే ఆ సీసా అయిపోతే ఆమె పని కూడా అయిపోయినట్టే.

డబ్బా ఇంట్లో ఫ్రిజ్‌లోకి చేరింది. అంతలో రంజాన్ నెల వచ్చింది, మండే ఎండలు. ఫ్రిజ్ నిండా షర్బత్తులు, పెరుగు, పుచ్చకాయ ముక్కలు. ఆసిమా కొత్త చుక్కలు పెట్టింది, రోజూ అరచేతిలో ఇమిడే చిన్న మైక్రోస్కోప్‌తో చూసింది. ఏమీ లేదు, ఉత్త నీళ్లు.

“తోడు లేకుంట ఎట్ల పేరుకుంటది పెరుగు,” అంది ఆమె వాళ్లమ్మతో. “దీనికి గూడ తోడు పెట్టాలె. ఆ ముళ్లదాన్ని పొడి జేసి, గింతంత ఈ చుక్కలల్ల అంటియ్యాలె.”

“అంటియ్యి మరి. చెంచా ఇయ్యాల్నా?”

“చెంచా కాదు అమ్మీ, వెంట్రుక. అది ముంచి చుక్కల మీద ఒక్క గీత గియ్యాలె.”

ఇంట్లో వెంట్రుకలకు కరువా. మంగలి ఇల్లు. ముందు తన వెంట్రుకే తీసి చూసింది, అది మెత్తగా వాలిపోయింది. ముస్తఫా ముందుకొచ్చి మెహందీ పెట్టిన తన మీసంలోంచి ఒకటి కోసి ఇచ్చాడు. అది మరీ మోటు. చుక్కలో గంపెడు పొడి వదిలింది, చుక్కంతా చక్కెర పోసినట్టయి పాడయ్యింది.

“నా మీసం పనికిరాదంటె ఊళ్లె ఎవని మీసం పనికొస్తది?” అన్నాడు ముస్తఫా, మనసు నొచ్చుకుని.

“పిల్లిది,” అంది ఆసిమా.

హాస్యం కాదు. పిల్లి మీసం మొదట్లో గట్టిగా ఉండి కొస సన్నగా తేలుతుంది, పొడిని కావలసినంతే పట్టుకుంటుంది. ఈ పని చేసేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో అదే వాడతారు. ల్యాబులో ఆసిమా సొరుగులో కూడా ఒకటి ఉంది. కంగారులో అదొక్కటి మరిచిపోయి వచ్చింది.

రహీమున్నిసా ఈ సంగతి గోడ మీదుగా పక్కింటివాళ్లకు మామూలుగానే చెప్పింది. సాయంత్రం నమాజుకు అది గల్లీ దాటింది. చీకటి పడేసరికి, హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్తఫా బిడ్డ పిల్లి మీసాలతో జాదూ చేస్తుందని ఖాయమైపోయింది. మర్నాటికి గల్లీలో పిల్లులన్నింటినీ ఇండ్లలో పెట్టి తలుపులు వేసుకున్నారు. మనుషులకు వచ్చిన లాక్‌డౌన్ పిల్లులకు కూడా వచ్చింది.

ఎవరి మాటా వినకుండా తిరిగేది ఒక్కటే మిగిలింది, ఎదురింటి హీరాబాయి పిల్లి. ఊరి లెక్కలు రాసే కరణంలాగా ఇంటింటికీ తిరిగి ఎవరింట్లో ఏముందో చూసి వస్తాడని దానికి పట్వారీ అని పేరు. హీరాబాయిది పెద్ద కొడప్‌గల్ దిక్కు తండా. ఇక్కడ కౌలుకు వరి వేస్తుంది, రెండు బర్రెలు ఉన్నాయి. ఆసిమా పోయేసరికి వడ్ల బస్తాల మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది.

“అక్కా, నీ పట్వారీది ఒక్క మీసం కావాలె.”

“విన్న బిడ్డా. ఎవలకు చేస్తున్నవ్?”

“చేతబడి కాదక్కా, నా పనికి.”

“గదే, నీ పని ఏందని అడుగుతున్న. మీసం పోతే వీడు ఎలుకలనెట్ల పడ్తడు? ఇంటినిండ వడ్లు. కాంటా వెట్టెటోడు లేడు, లారీ లేదు. ఇప్పుడు నాకు జీతగాడన్న, కావలోడన్న వీడొక్కడే.”

“ఒక్కటేనక్కా. మల్ల మొలుస్తది.”

“ఎవలు చెప్పిన్రు, పిల్లి చెప్పిందా?”

ఆసిమాకు నవ్వు రాలేదు. గడప ముందు కింద కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక అసలు సంగతే చెప్పేసింది. “పోయిన వానకాలం అగ్గి తెగులొచ్చి నీ మడి పోయింది కదక్కా. ఆ బూజు దగ్గర ఆకును పట్టుకునేది ఒకటి ఉంటది. ఇన్నేండ్ల సంది దాని మొకం చూద్దామనే తిరుగుతున్న. ఇంట్ల ఫ్రిజ్‌ల ఉన్నది ఆఖరుది. ఇది పోతే మా సారు ఇగ వద్దంటడు.”

చేట ఆగింది. ఆ మడి మొత్తం కోసి బర్రెలకు వేసిన మనిషి హీరాబాయి.

“ఆ రోగపుదానిదా? దాని మొకం చూస్తవా నువ్వు?”

“చూద్దామనే.”

“ముందే చెప్పొద్దా. మీసాలు మీసాలు అని గల్లంత తిరుగుడాయె.” చేట పక్కన పెట్టింది. “పీకనియ్య. కోసుడే. అది గూడ మీ అబ్బ కొయ్యాలె. కత్తెర పట్టుడు ఆయన పని, నీది కాదు.”

ముస్తఫా దుకాణం మూసి నెల దాటింది. చేతులు ఊరికే ఉండలేక ఇంట్లో దువ్వెనలు కడిగి ఆరబెట్టుకుంటున్నాడు. పిలుపు రాగానే పెట్టె తెరిచాడు. కత్తెర మరగబెట్టాడు, తెల్లగుడ్డ దులిపాడు. హీరాబాయి పట్వారీని ఒళ్లో అదిమి పట్టుకుంటే ముస్తఫా అలవాటు కొద్దీ గుడ్డను దాని మెడకు చుట్టి వెనక ముడి వేశాడు.

“సేఠ్, సన్నగ చెయ్యాల్నా, మోటగనా?”

పట్వారీ మామూలు గిరాకీలాగా మర్యాదగా ఉండలేదు. గుడ్డలోంచి ఒక కాలు తీసి ముస్తఫా మణికట్టు మీద మూడు గీతలు పెట్టాడు.

“పట్టుకో హీరాబాయి.”

“పట్టుకునే ఉన్న. నువ్వు ముచ్చట్లు బంద్ జెయ్యన్న, ముందుగాల కొయ్యి.”

రహీమున్నిసా గిన్నెలో పాలు తెచ్చి ముక్కు కింద పెట్టింది. పట్వారీ కండ్లు మూసుకుని నాకడం మొదలుపెట్టగానే కత్తెర ఒకసారి కచక్‌మంది. అంతే, కొస దెబ్బతినకుండా, పొడుగాటి తెల్ల మీసం ముస్తఫా అరచేతిలో ఉంది. ఆయన దాన్ని బిడ్డకు ఇచ్చి, ఇటు తిరిగి పట్వారీ ముఖం ముందు అద్దం పట్టాడు. చూపకపోతే పని పూర్తయినట్టు ఉండదు ఆయనకు.

ఆ మధ్యాహ్నమే ఆసిమా తోడు పెట్టింది. ముళ్లదాన్ని నలిపిన నీళ్లలో మీసం కొస ముంచడం, ఒక్కో చుక్క మీద ఒక గీత, మళ్లీ మూత. ఆ తర్వాత ఇంట్లో చట్టం మారింది. ఫ్రిజ్ తలుపు ఇఫ్తార్‌కు ముందు ఒక్కసారే తీయాలి, అది కూడా రహీమున్నిసాయే, చుక్కలు కదలకుండా, చప్పుడు కాకుండా. పొరపాటున ఎవరైనా అటు పోతే ఆమె గంటె పట్టుకుని లేచేది. కుండ నీళ్లతో కలిపిన షర్బత్‌తో ఉపవాసం విడుస్తూ ముస్తఫా అన్నాడు, “రోజా మనకా, ఫ్రిజ్‌కా?”

గల్లీలో వాళ్లు కూడా ఇక పిల్లులను దాచడం మానేశారు. జాదూ అన్నవాళ్లే ఇప్పుడు దారిలో ఆగి, “తోడుకున్నదా?” అని అడిగేవాళ్లు. ఆసిమా తల అడ్డంగా ఊపేది. లోపల మాత్రం రాత్రి పడుకుంటే నిద్ర లేదు, సీసాలో మిగిలింది కూడా లేదు.

పండుగ దగ్గర పడుతుండగా ఒకరోజు డబ్బా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. మొదటి వరుస ఉత్తదే. రెండో వరుస ఉత్తదే. ఆ తర్వాత చుక్కలో ఏదో మెరిసింది. కొంచెం తిప్పింది. ముళ్లు లేవు. మూలలు తీరి, అద్దంలాంటి ఒక్క గడ్డ. దాని పక్క చుక్కలో ఇంకొకటి. ఆసిమా కళ్లజోడు తీసి పక్కన పెట్టి ముఖం చేతుల్లో దాచుకుంది.

రహీమున్నిసా పరుగున వచ్చింది. “పోయిందా బేటా? పోతే పోనీ, ఫికర్ చెయ్యకు, అల్లా ఇంకో దారి చూపిస్తడు.”

“పోలే అమ్మీ. వచ్చింది.”

“వస్తే ఏడుస్తరా ఎవరన్న?” అని తాను కూడా కొంగుతో కండ్లు తుడుచుకుంది.

ముస్తఫా ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. “ఇదేనా? దీని కోసమేనా ఆ పట్వారీ నన్ను గిట్ల గోకింది?” అని మణికట్టు చూపించాడు. చూపించి, పక్కకు జరగకుండా మళ్లీ వంగి ఇంకోసారి చూశాడు.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఆసిమా డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని హైదరాబాద్ దాకా పోయింది. కండక్టరు పైన పెట్టమంటే టికెట్ ఇంకొకటి తీసుకొమ్మంది. ల్యాబులో గడ్డకు ఎక్స్‌రే కొట్టారు, బొమ్మ అలుక్కుపోలేదు. చుక్కలు చుక్కలుగా ఆకాశంలా వచ్చింది. ఆ చుక్కల లెక్కలు తేల్చడానికి నెలలు పట్టాయి. తేలిననాడు, ఆ బూజు ప్రోటీన్ ఆకారం చూసిన మొదటి మనిషి బాన్సువాడ మంగలి కూతురు. దేశదేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి, ఎట్లా చేశారని. పరిశోధన పత్రంలో రాసేటప్పుడు పిల్లి మీసం సంగతి దాచకుండా రాసింది.

చలికాలంలో ఇంటికి వచ్చినప్పుడు ఆ ఆకారాన్ని రంగుల్లో పెద్దగా అచ్చు వేయించి తెచ్చి, ముందు ఎదురింటికే పోయింది. హీరాబాయి కాగితాన్ని వెలుతురుకు పట్టింది. విప్పిన తలపాగా మళ్లీ ఎవరో తోచినట్టు చుట్టినట్టుంది అది. మెలికలు, మడతలు.

“ఇదేనా దాని మొకం?”

“ఇదేనక్కా.”

“కండ్లేవి?”

“దీనికి కండ్లుండవు.”

హీరాబాయి కాగితం నిలువుగా పట్టింది, అడ్డంగా పట్టింది. “మరి ఇన్ని మళ్లల్ల నా మడి ఎట్ల కానొచ్చింది దీనికి?”

ఆసిమా నవ్వుతూ ఆమె పక్కనే బస్తా మీద కూర్చుంది. “అదే ఇంక తెలుస్తలేదక్కా. తెలిసేదాక ఈ పని నుంచి కదలొద్దన్నడు మా సారు.”