కుళ్ళాయమ్మ పోగొట్టుకున్న ఏనుగు

పెనుకొండ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సు కుళ్ళాయమ్మకు ఒకటే జబ్బు. వస్తువులు పోగొట్టుకోవడం. కళ్లజోడో తాళంచెవో అయితే సరే, ఆమె పోగొట్టుకునేవి ఏనుగులూ మేఘాలూను. ఒక బుధవారం ఏకంగా పెనుకొండ కొండే కనిపించడం లేదని వెతికింది.

"ఏమక్కా, కొండ దొరికిందా?" అని టీ అంగడి గోవిందప్ప నవ్వాడు.

"దొరికిందిలేప్పా. మబ్బు కప్పుకొని నిద్రపోతాండాది."

ధర్మవరం నుంచి కొత్తగా వచ్చిన మంజులత ఇది విని హడలిపోయింది. ఇంత మతిమరుపు మనిషి చేతికి సూదా! అసలే ఆమె ఐదేళ్ల కొడుకు పృథ్వీకి సూదంటే ప్రాణభయం. కిందటిసారి వేరే చోట నలుగురు అదిమిపట్టి పొడిచారు. అప్పటినుంచి టీకా మాటెత్తితే మంచం కిందికి దూరేవాడు. ఐదేళ్లకు వేయాల్సిన టీకా ఇప్పటికే రెండుసార్లు తప్పింది.

ఆ బుధవారం కూడా వాడు ఆరోగ్య కేంద్రం తలుపు పట్టుకుని వేలాడాడు. "నేను రాను!"

కుళ్ళాయమ్మ వాడివైపు చూడనైనా లేదు. బల్లకింద ఏదో వెతుకుతోంది.

"ఏం పోయిందక్కా?" అంది మంజులత భయంగా.

"నా ఏనుగమ్మా. పొద్దున ఈడే ఉన్నింది."

పృథ్వీ ఏడుపు ఆగింది. "ఏం రంగు?"

"నీలం. రెక్కలుండాయి. ఆ మబ్బులో దూరిందేమో చూడు నాయనా. అమ్మ ఒళ్లో కూచుంటే బాగా కనపడతాది."

కిటికీ అవతల, కొండమీద తెల్లమబ్బు మెల్లగా సాగుతోంది. చెవిలా విప్పుకుంది, తొండంలా వంగింది. మంజులతకే కళ్లు మత్తుగా వాలాయి.

"గట్టిగా ఊదు. మబ్బు పక్కకు పోతాది."

వాడు బుగ్గలు పూరించి ఊదాడు. "అదిగో తోక! అబ్బా, ఏందో కుట్టింది!"

"సూది. అయిపాయ." ఏనుగుల గురించి ఎన్ని కోతలు కోసినా, సూది గురించి ఆమె అబద్ధమాడదు.

వాడు చేతివంక, ఆకాశంవంక మార్చిమార్చి చూసి నవ్వేశాడు.

అంతలో గుమ్మంలోకి వచ్చిన మరో తల్లి పూర్ణిమకు కుళ్ళాయమ్మ పుస్తకం తెరవకుండానే చెప్పింది: "నీ పాపకు పద్నాలుగో తేదీన మూడో డోసు. కొండమ్మ మనవడికి ఆ మరుసటి బుధవారం. ఆయమ్మకు కూడా చెప్పు."

మంజులత నోరు తెరిచింది. "అక్కా, మీకు మతిమరుపే లేదు!"

"ఉష్! ఊరికి తెలిస్తే నాతో వెతికేదానికి పిల్లోళ్లు యాడ వస్తారు?" అని ఇంకో సూది తీసింది. "నీకు నాలుగో నెల కదమ్మా. కడుపుతో ఉన్నోళ్లకూ టీకా ఉండాది. చెయ్యి చాపు."

మంజులత చెయ్యి కొంగులో దాచుకుంది. కుళ్ళాయమ్మ నిట్టూర్చింది. "అవునమ్మా, మీ ధర్మవరం మగ్గం మీంచి ఒక రంగు ఎగిరిపోయిందంట. ఈ పక్కకేమైనా వచ్చిందా?"

ఎత్తు తెలిసిపోయింది. తెలిసినా మంజులత కళ్లు కిటికీలోకే వెళ్లాయి.

"వంకాయ రంగా అక్కా, నెమలికంఠమా?" అని ఆమె అడుగుతుండగానే కుళ్ళాయమ్మ సూది వేసి, దూది కూడా అద్దేసింది.