ఆరు మంగళవారాలు

నిన్న సాయంత్రం సుజాత తెచ్చి నా చేతిలో పెట్టిన దవాఖాన పుస్తకం ఇంకా అదే వాసన వేస్తోంది. పైన ఫినాయిలు, స్పిరిటు, వాటి కింద కొంచెం బొగ్గు పొగ, ఇంకా అడుగున ఎప్పుడో పురుగు పట్టకుండా పెట్టిన వేపాకు. అరచేయి కంటే కాస్త పెద్దది, గోధుమరంగు అట్ట, నలిగి గుండ్రమైన మూలలు, వీపున సుజాత తల్లి, మా పెద్దవ్వ తెల్లదారంతో వేసిన కుట్లు పదకొండు. మా బాపుకు అన్న, సుజాతకు తండ్రి అయిన పెద్దబాపు పోయిన నెల చనిపోయాడు. ఆయన ఇనుప పెట్టె సర్దుతుంటే బట్టల అడుగున ఇది దొరికిందట. గోదావరిఖనిలో ఒక మందుల దుకాణంలో ఏ మందు ఎన్ని ఉన్నాయో చూసుకునే పని నాది, ఇరవై రెండేళ్లుగా ఆ వాసనల్లోనే ఉంటున్నాను. అయినా ఈ పుస్తకం ముక్కుకు తగలగానే నలభై ఏళ్ల నాటి ఓర్వలేనితనం ఎక్కడికీ పోలేదని తెలిసింది.

మా ఇంటి గడప నుంచి కంపెనీ కాలనీ గేటుకు పదకొండు వందల నలభై అడుగులు. నా చిన్న కాళ్లతో వేసినవి. ఆ అడుగుల ఈ చివర మా ఊరు, మట్టి గోడలు, వానకాలంలో మోకాలి లోతు బురద. ఆ చివర వరసలుగా క్వార్టర్లు, క్వార్టరుకో నల్లా, గుమ్మం పక్కన వంటకు కంపెనీ ఇచ్చే బొగ్గు కుప్ప. గని సైరను రెండు వైపులా ఒకేలా వినిపించేది, మధ్యాహ్నం బాంబు పేలిస్తే రెండు వైపులా గిన్నెలు ఒకేలా గలగలమనేవి, ఎండాకాలంలో ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము ఇద్దరికీ సమానంగానే పడేది. ఇంకేదీ సమానంగా ఉండేది కాదు. మా బాపు కాంట్రాక్టరు కింద బొగ్గు లారీలు నింపేవాడు, పెద్దబాపు గనిలో పర్మినెంటు.

సుజాత, నేను ఒకే వయసువాళ్లం, ఆమె నాకంటే పంతొమ్మిది రోజులు పెద్ద. సెలవు రోజుల్లో వాళ్ల వాకిట్లోనే నా ఆట. బొగ్గు ముక్కతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు, గచ్చకాయలు, ముసురు పట్టినప్పుడు బొగ్గు పొయ్యి మీద పెద్దవ్వ కాల్చి ఉప్పు, కారం రాసిచ్చే మక్క కంకులు, బతుకమ్మ పండుగకు రెండు ఇళ్లలో వేరు వేరుగా దంచే నువ్వుల సద్ది. మాది బెల్లం తక్కువై పొడిపొడిగా రాలేది, వాళ్లది ముద్ద కట్టేది. ఆమె తంగేడు పూల బతుకమ్మ నా దానికంటే మూడు వరసలు ఎత్తు. ఆమె ఫ్రాకులు ఐదు. ఇవన్నీ ఎంచుకుంటూ పెరిగినదాన్ని నేను. కానీ వీటిలో దేని మీదా నాకు నిజంగా కడుపుమంట లేదు. నా కళ్లన్నీ పర్మినెంటు కార్మికుడి కుటుంబానికి కంపెనీ ఇచ్చే ఆ దవాఖాన పుస్తకం మీదే ఉండేవి.

సుజాతకు తుమ్ము వచ్చినా పుస్తకం బయటికి వచ్చేది. పెద్దవ్వ దాన్ని కొంగులో చుట్టుకుని కాలనీ దవాఖానకు తీసుకుపోయేది, తిరిగి వచ్చేటప్పుడు సుజాత చేతిలో ఎర్రటి మందు సీసా, దాని పక్కన ఎన్ని పూటలో తెలిసేలా గళ్లు కత్తిరించి అంటించిన కాగితం పట్టీ ఉండేవి. ఆ గళ్లు లెక్కపెట్టడం నాకు మహా ఇష్టం. మాకు జ్వరం వస్తే మిరియాల కషాయం, తగ్గకపోతే సైకిల్ మీద వచ్చే సూది డాక్టరు, ఆయన ఎవరికైనా ఒకటే సూది వేసేవాడు.

ఆ పుస్తకం మొదటి పేజీలో ఉన్న పేరు నన్ను మరీ బాధపెట్టేది. అక్కడ కార్మికుడి పేరు రాజయ్య అని ఉంటుంది. రాజయ్య మా బాపు. పెద్దబాపు పేరు పోచయ్య. నేను పుట్టకముందు గనిలో పనికి రమ్మని బాపు పేరు మీద కాగితం వచ్చింది. ఆ వారమే బాపుకు కామెర్లు వచ్చి మంచం పట్టాడు. వచ్చిన కాగితం వృథా పోతుందని నాయనమ్మ పెద్దకొడుకును పంపింది. పెద్దబాపు వరసలో నిలబడి తన పేరు రాజయ్య అని చెప్పాడు. బొగ్గుగనుల్లో ఇలా మారుపేరుతో పని చేసేవాళ్లు చాలామందే ఉండేవారు, ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. అలా గని లోపల ఒక రాజయ్య, బయట ఒక రాజయ్య. లోపలి రాజయ్య పుస్తకంలో భార్య పేరు, బిడ్డ పేరు ఎక్కాయి. మా బాపు పేరున్న పుస్తకంలో మేము లేము. బడిలో హాజరు తీసేటప్పుడు సుజాత తండ్రి పేరు రాజయ్య అని చెబుతుంటే, నా బాపును ఎవరో చెయ్యి పట్టి లాక్కుపోతున్నట్టు ఉండేది.

నాకు తొమ్మిదో ఏట కుడి చెవి కారడం మొదలైంది. అవ్వ, అంటే మా అమ్మ, వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసింది, వేడి ఉప్పు మూట పెట్టింది. సూది డాక్టరు తన సూది వేశాడు. బాపు ఒక రోజు పని మానుకుని పెద్దూరి సర్కారు దవాఖానకు తీసుకుపోతే సాయంత్రం దాకా వరసలో నిలబడి చుక్కల మందు తెచ్చుకున్నాం, మళ్లీ రమ్మన్నారు, మళ్లీ పని మానడం కుదరలేదు. చెవి కారిన ప్రతి రోజుకూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేదాన్ని. చెవిలో పెట్టుకునే గుడ్డ వాసన వస్తోందని బడిలో పిల్లలు బెంచీ చివరకు జరిగేవారు.

అవ్వ వెళ్లి పెద్దవ్వను అడిగింది. ఆమె కాదనలేదు, ఔననలేదు. "పుస్తకంల ఉన్నోళ్లనే చూస్తరు చెల్లే. ఒక్క అబద్ధం దొరికితే దాని కిందిది గూడ తవ్వుతరు. మీ బావ నౌకరే పోతది" అంది. అది నిజమే. మారుపేర్ల మీద విచారణ ఉంటుందని గని మీద అప్పుడప్పుడూ మాట పుడుతూనే ఉండేది. ఆ మాట పుట్టినప్పుడల్లా పెద్దబాపుకు అన్నం దిగేది కాదు. కానీ ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చి, గోడ మీది గీతలు చూసి, అవి ఏమిటని అడిగి వెళ్లిపోయాడు. మరునాడు నన్ను కాలనీకి పంపమని కబురు వచ్చింది.

మంగళవారం పొద్దున పెద్దవ్వ నాకు తలదువ్వి, సుజాత రిబ్బన్లు కట్టి, సుజాత నీలం ఫ్రాకు తొడిగింది. అసలు సుజాత గడప మీద కూర్చుని నాకు పాఠం చెప్పింది.

"పేరేంది అంటే సుజాత అనాలె. కనక అని నీ పేరు చెప్పినవనుకో, అయిపాయె. బాపు పేరు అడిగితే రాజయ్య అనాలె."

"గది మా బాపు పేరే గదనే" అన్నాను.

"గట్లయితే నీకే సులువైతది" అంది సుజాత. వెంటనే, "ఫ్రాకు మీద మందు పడనియ్యకు" అని కూడా అంది.

కాలనీ దవాఖాన నేల నున్నగా, చల్లగా ఉంది. చెక్క బల్ల మీద నా ముందు ఏడుగురు. కిటికీ దగ్గర గుమాస్తా పేరు అడిగితే నోట్లో నోట్లో చెప్పాను. తండ్రి పేరు అడిగినప్పుడు మాత్రం బల్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను. డాక్టరమ్మ చెవి మెల్లగా పైకి లాగి, చిన్న లైటు పెట్టి చూసి, ఎన్నాళ్ల నుంచి కారుతోందని అడిగింది. నూట పద్దెనిమిది రోజులని చెప్పాను. ఆమె నవ్వి, నీకెలా తెలుసంది. గోడ మీది గీతల సంగతి చెప్పాను. "లెక్కల్లో గట్టిదానివే సుజాతా" అని నా బుగ్గ తట్టింది. నా జీవితంలో ఒక పెద్ద మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి, ఆ మెప్పు కూడా సుజాత ఖాతాలోకే పోయింది. ఇంటికి వచ్చాక ఆ మాట ఆమెకు చెప్పలేదు.

అలా ఆరు మంగళవారాలు. పత్తి చుట్టిన పుల్లతో చెవి తుడిచేవారు, గళ్ల పట్టీ ఉన్న సీసా నా చేతికే ఇచ్చేవారు. గోడ మీద గీతలు పలచబడ్డాయి, ఆరో వారంలో రెండే గీతలు. నా చిన్నతనంలో నేను ఎవరి మీదా కుళ్లుకోకుండా గడిపిన రోజులు బహుశా ఆ ఆరే. ఎందుకంటే ఆ రోజుల్లో సుజాతను నేనే.

ఆరో మంగళవారం డాక్టరమ్మ చెవి పొరకు చిల్లు ఉందని, చీము ఆరాక దాన్ని ఆపరేషనుతో మూయాలని, లేకపోతే వినికిడి పోతుందని చెప్పింది. పెద్ద దవాఖానలో చేర్చుకోవాలంటే వచ్చే వారం తండ్రి రావాలి, కార్మికుడి కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో తేవాలి. పెద్దవ్వ తల ఊపి, బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడింది. ఆ ఫొటోలో ఉన్నది సుజాత ముఖం.

ఆ రాత్రి అన్నాల వేళ పెద్దబాపు మా ఇంటికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఫొటోలో చిన్నపిల్లల ముఖాలు ఎవరు పోల్చుకుంటారు, తీసుకుపోతానన్నాడు. కానీ అప్పటికే గనిలో మళ్లీ విచారణ మాట నడుస్తోంది. బాపు తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. నీ నౌకరి పోతే రెండిండ్ల పొయ్యిలు ఆరుతయి. పిల్లకు ఇంకో చెవున్నది."

గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ మాటలు ఆ ఇంకో చెవితోనే విన్నాను. పెద్దబాపు బియ్యం పంపకపోతే మాకు గడవదు. రెండు ఇళ్లు, ఏడు నోళ్లు, ఒక చెవి. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క బాపు వేసినట్టే వస్తుంది, నేను తప్పు పట్టలేను. కానీ ఏడు నోళ్లలో ఒకటి సుజాతది, పోయిన చెవి నాది. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా లెక్క ఆగిపోతుంది.

మళ్లీ గోడ నిండింది. పన్నెండేళ్లు వచ్చేసరికి కుడి చెవికి వినికిడి పూర్తిగా పోయింది. ఒక్క చెవితో వినేవాళ్లకు శబ్దం ఎటు నుంచి వస్తుందో తెలియదు, సైరను మోగితే అది నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి మోగేది. బడిలో సారు చెప్పేది సగమే అందేది. నల్లబల్ల మీద రాసిన అంకెలు వినక్కర్లేదు కనుక వాటినే పట్టుకున్నాను. ఏడో తరగతితో బడి ఆగినా పాత క్యాలెండర్ల వెనకా, మందు పట్టీల వెనకా నాకు నేనే నేర్చుకుంటూ పోయాను. సుజాత కాలేజీకి పోయింది. ఎక్కడికి నడిచినా ఆమె నా ఎడమ పక్కకు వచ్చేది, ఎవరూ చెప్పకుండానే. ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు. ఎటువైపైనా నడవగలిగినవాళ్లకే అలా మారడం కుదురుతుంది.

ఇప్పుడు ఆ పదకొండు వందల నలభై అడుగులు లేవు. భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని మా ఊరినీ ఆ కాలనీనీ కలిపే మింగింది. దవాఖాన ఉన్న చోట మట్టి గుట్ట లేచింది, దాని మీద సర్కారు తుమ్మలు మొలిచాయి. క్వార్టరు ముందు బొగ్గు కుప్ప, గళ్ల పట్టీ అంటించిన సీసా, తంగేడు పూల కోసం మేము పోయిన చెలక, ఏవీ లేవు. కాంట్రాక్టు మాత్రం ఉంది, అప్పటికంటే ఎక్కువే ఉంది. దుమ్ము కొట్టుకున్న చొక్కాలతో తండ్రులు, చంకలో పిల్లలతో తల్లులు మా దుకాణానికి వచ్చి చెవి చూపించి చుక్కలు అడుగుతారు. ఎన్ని రోజుల నుంచి అని అడుగుతాను. పద్నాలుగు దాటితే చుక్కలతో ఆగకుండా చెవి డాక్టరు దగ్గరికి పొమ్మని, ఏ రోజు ఎక్కడ కూర్చుంటాడో చీటీ రాసి ఇస్తాను. చీటీ పైన పిల్ల సొంత పేరు రాస్తాను. చుట్టాల దవాఖాన కార్డు ఉంది, ఆ పేరు రాయమ్మా అని కొందరు మెల్లగా అడుగుతారు. నేను రాయను.

నిన్న సుజాత వచ్చినప్పుడు, పెద్దబాపు మరణ పత్రం కూడా రాజయ్య పేరు మీదే తీసుకోవలసి వచ్చిందని చెప్పింది. మా బాపు నాలుగేళ్ల కిందట పోయాడు. కాగితాల లెక్కన రాజయ్య రెండుసార్లు చనిపోయాడు, పోచయ్య అసలు చావనే లేదు. "మా బాపు పేరు ఒక్క కాయిదం మీద లేదే" అని ఆమె కళ్లు తుడుచుకుంది. జాలి కలిగింది. జాలి పక్కనే పాత మంట కూడా అలాగే కూర్చుని ఉంది.

పుస్తకం తెరిచి వరసగా చూశాను. జ్వరాలు, దగ్గులు, పన్ను నొప్పి, మేకు దిగిన కాలు, అన్నీ కలిపి ఆమెవి ముప్పై ఒకటి. నావి ఆరు, వరసగా ఉన్నాయి. ఆరోదాని కింద తండ్రితో, ఫొటోతో రావాలని ఉంది. ఆ తరువాత రెండు నెలలు ఖాళీ. అటుపైన సుజాతను జ్వరానికి చూపించినప్పటి రాత, డాక్టరమ్మ ఇంగ్లీషు అక్షరాలు. మందుల పేర్లు చదివీ చదివీ నాకు ఆ రాత అలవాటే. కుడి చెవి చూశాను, పొర పూర్తిగా మూసుకుంది, వినికిడి బాగుంది, నయమైంది, అని ఉంది. నయమైంది కింద రెండు గీతలు.

సుజాతకు చూపించాను. ఆమెకు గుర్తుంది. పాత రాత చూసి డాక్టరమ్మ ఈమె చెవిలో లైటు వేసి, ఆపరేషను లేకుండానే మానిందని ఎంతో సంతోషపడి, బల్ల సొరుగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి ఇచ్చిందట. "ఏమని చెప్పాలె మరి? నొస్తలేదు అని చెప్పిన" అంది.

తరువాత ఇంకేదో అంది. ఆమె నా కుడివైపు కూర్చుని ఉంది, నాకు అందలేదు. ఆమె అది గమనించి, లేచి, కుర్చీ జరుపుకుని ఎడమవైపుకు వచ్చింది.

"చెవి నీది, పేరు మీ బాపుది. నాదేమున్నది దీంట్ల? నువ్వే ఉంచుకో అంటున్న" అంది.

పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నయమైంది మాత్రం నీదే తియ్" అన్నాను.