పెద్దోళ్ళ ఫోల్డరు

కదిరిలో విలేకరిగా పనిచేసిన ఏళ్లలో నా సాయంత్రాలు ఎక్కువగా ఒక ఫోటో స్టూడియోలోనే గడిచాయి. పత్రికకు ఫోటోలు పంపాలంటే ఆ స్టూడియో కంప్యూటరే నాకు దిక్కు. ఎండిన వేరుశనగ చేలు, నీళ్ల ట్యాంకర్ చుట్టూ బిందెలు, గడ్డి లేక సంతకు తోలిన ఎద్దులు. ఏడాదికేడాది దాదాపు అవే ఫోటోలు పట్టుకుపోయేవాణ్ణి. స్టూడియో నడిపే సాయిబును అందరూ భాయ్ అనేవాళ్ళు. పెళ్ళిళ్ళు, ఊళ్ళ తిరుగుడు ఆయనవి. లోపలి గదిలో కూర్చుని ఫోటోలు దిద్దేది ఆయన భార్య. ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

అక్క పని కంప్యూటర్‌తో మొదలుకాలేదు. నెగటివ్‌ల కాలంలో సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు, ముడతలు పోగొట్టేది. ఆ తరవాత మౌస్ వచ్చింది. దాన్నీ పెన్సిల్ పట్టుకున్నట్టే మునివేళ్లతో పట్టుకునేది. పని మొదలుపెట్టే ముందు చెయ్యి కొంగుకు తుడుచుకునేది. ఎవరినైనా తెల్లగా చెయ్యమని అడిగితే కొంచెం చేసి ఆపేది. "ఇంకా తెల్లగ జేస్తే మీ ఇంటోళ్ళే గుర్తుపట్టరు" అని పంపించేసేది.

ఆమె చేసే పనుల్లో నన్ను కదలకుండా కూర్చోబెట్టింది మాత్రం వేరే ఉంది. ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో చాలామంది బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగకుండానే పోయేవాళ్లు. పోయాక ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చేది. స్నానం చేయించి, తలకు రుమాలు చుట్టి, కుర్చీలో గోడకు ఆనించి కూర్చోబెట్టి భాయ్‌కి కబురు పెట్టేవాళ్లు. ఆయన స్కూటర్ మీద పోయి ఫోటో తీసుకొచ్చేవాడు. ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే, "కండ్లు తెరిపించియ్యి భాయ్." పెద్దల అమావాస్యనాడు పటం ముందు కొత్త బట్టలు పెట్టి, ఆ మనిషికి ఇష్టమైనవి వండి పెడతారు. ఎదురుగా ఉన్న మనిషి కళ్లు మూసుకుని ఉంటే పెట్టేవాళ్లకు మనసు ఒప్పదు.

అక్క ఆ కళ్లను ఊరికే గీసేది కాదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగేది: ఆ మనిషి పోలిక ఇంట్లో ఎవరికొచ్చింది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లను నేరుగా చూసేవాడా, నేలకేసి చూసేవాడా. పోలిక వచ్చిన మనిషిని పిలిపించి ఫోటో తీయించి, ఆ కళ్లను తెచ్చి పోయినవాళ్ల మొహంలో కుదిర్చేది. రెప్పల కింద నీడ, కంటి కొసన ముడత, గుడ్డులో వెలుతురు చుక్క, ఒక్కొక్కటీ మొహానికి సరిపడేదాకా వదిలేది కాదు. పని అయ్యాక స్క్రీన్‌కు దూరంగా గడప దగ్గర నిలబడి ఒకసారి చూసేది. అప్పుడు ఆ మనిషి మనల్ని చూస్తున్నట్టు ఉంటే పని అయినట్టు.

కొత్త కంప్యూటర్, కొత్త ఫోటో సాఫ్ట్‌వేర్ తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పాత లైబ్రరీ మొత్తం ఫోల్డర్లుగా ఉండేది. పెళ్ళిళ్ళు, బారసాలలు, బడి ఫోటోలు, చివర్లో పెద్దోళ్ళు, అంటే పోయినవాళ్లు. పాత సాఫ్ట్‌వేర్‌కు ఒక పద్ధతి ఉంది. అసలు ఫోటోను ముట్టుకోకుండా, దిద్దినదంతా పక్కన వేరే ఫైల్లో దాచుకునేది. చూసేటప్పుడు రెండింటినీ కలిపి చూపించేది. కొత్తది ఫోటోలను తెచ్చుకుంది గానీ ఆ పక్క ఫైళ్లు దానికి అర్థం కాలేదు. ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు.

తెలిసే అవకాశమైతే ఉండింది. ఫోటోలన్నీ చేరినాక భాయ్ పెళ్ళిళ్ళు తెరిచి చూశాడు. పెళ్ళి ఫోటోలకు దిద్దుడు తక్కువ, అన్నీ బాగానే కనిపించాయి. పెద్దోళ్ళ ఫోటోలు కూడా ఒకసారి చూడకూడదా అన్నాను.

"ఏమప్పా, కొత్త మిషన్ మింద మొదటి దినమే చావు ఫోటోలు తెరుస్తారా యాడన్నా?" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. అక్క మిఠాయి పొట్లం విప్పింది. అందరం మిఠాయి తిన్నాం. పాత డిస్కును ఆ సాయంత్రమే తుడిచేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో పోయినవాళ్లంతా అలా మళ్లీ కళ్లు మూసుకున్నారు.

పెద్దల అమావాస్య దగ్గరపడుతుండగా తనకల్లు అవతలి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. నలభై లోపే ఉంటుంది. చేతిలో గుడ్డలో చుట్టిన పటం. ఆ ఏడు వాన పేరుకు వచ్చినట్టే వచ్చి, చేనుకు పనికిరాకుండా వాళ్ల మట్టిమిద్దె మీద మాత్రం బాగా పడింది. మిద్దె కారి పటంలోకి నీళ్లు దిగి, మొహం అద్దానికి అంటుకుపోయింది. రుమాలు, భుజాలు మిగిలాయి.

"మా నాయనక్కా. ఈ పటం తప్ప ఇంగోటి లేదు. అమాసకు బట్టలు పెట్టాల. మీ కాడ ఉండాది గదా, ఇంగోటి తీసియ్యి" అంది.

"ఉండాదిలే" అని భాయ్ ఊరి పేరు అడిగి వెతికాడు. దొరికింది. తెరిచాడు. రుమాలు చుట్టుకుని, గోడకు తల ఆనించి, కళ్లు మూసుకున్న మనిషి. భాయ్ మూసి మళ్లీ తెరిచాడు. పక్కది తెరిచాడు, ఆ పక్కది కూడా. అన్నీ అంతే.

ఆమె కుర్చీలోంచి లేచింది. తండ్రి పోయిన రోజు ఏడుపుల్లో సరిగా చూడనే లేదట. ఆ తరవాత చూసిందంతా పటంలోని కళ్లు తెరిచిన మొహాన్నే.

"ఇదేందన్నా, మళ్ళా చంపేస్తిరి గదా మా నాయనను" అంది, గొంతు పెంచకుండా.

భాయ్ నేలకేసి చూశాడు. అక్క ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. "మళ్ళా తెరిపిస్తాలేమ్మా. అమాసకు తీస్కపోదువు" అంది. కానీ నన్ను చూసి మెల్లగా చెప్పింది, ఆ మనిషికి ఎవరి కళ్లు పెట్టిందో గుర్తులేదని. ఏళ్లు గడిచాయి, ఎంతోమందికి పెట్టింది. వేరే కళ్లు పెడితే ఈమె చూసిన నాయన రాడు.

"మీ ఇంట్లో మీ నాయన పోలిక ఎవరికొచ్చిందమ్మా?"

"మా చిన్నాయనకంటారు. ఆయన బోయి మూడేండ్లాయ. ఫోటో లేదు."

అక్క చెయ్యి తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్త సాఫ్ట్‌వేర్ మీద మాకు ఒక ఫిర్యాదు ఉండేది. ఫోల్డర్లు ఎంత చెప్పినా వినకుండా ఫోటోలన్నీ తీసిన తేదీల వరసలో పేర్చేది. పెళ్ళికూతుళ్ల పక్కన శవాలు, వాటి పక్కన నా ట్యాంకర్లు. దాని మీద భాయ్ రోజూ విసుక్కునేవాడు. కళ్ల కోసం తీసిన ఫోటో ఆ తరవాతి రోజుల్లోదే అయ్యుండాలని, అక్క ఆ వరసలోనే ఆ మనిషి ఫోటో దగ్గరికి పోయి, ఒక్కటొక్కటే ముందుకు జరిపింది. ఎవరో పాస్‌పోర్ట్ ఫోటో. ఒక బడిపిల్లల గుంపు. ఆ తరవాత స్టూడియో నీలం తెర ముందు ఒక పడుచు. జుట్టు చెదిరి ఉంది, కెమెరాను కాకుండా వాకిలి వైపు దూరంగా చూస్తోంది. చూపులో కోపం.

"ఇది నేను గదా" అంది ఆమె. "ఆ పొద్దు రేషన్ కార్డుకు తీస్తాండారనుకుంటి."

అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. పోయినాయన గొర్రెలు మేపేవాడు. ఎట్ల చూస్తాడని అడిగితే, మంద యాడ పోతాందో అన్నట్టు దూరంగా చూస్తాడని చెప్పింది ఈ కూతురే. చిన్నాయన అప్పుడు ఊళ్ళో లేక ఆమెనే కూర్చోబెట్టి, వాకిలి కేసి, రోడ్డుకు అవతల చూడమన్నారు.

"కండ్లు నీవేనమ్మా" అంది అక్క.

ఆమె స్క్రీన్‌కు దగ్గరగా వంగింది. తన మొహాన్ని, తండ్రి మొహాన్ని మార్చి మార్చి చూసింది. మేమంతా ఏమంటుందోనని చూస్తున్నాం.

"అట్లయితే ఇన్నేండ్లు నన్ను నేనే జూసుకుంటాంటినా?" అంది. "గొర్రెలమ్మినప్పుడు పటం ముందర పోయి చెప్తి. మా నాయన నా మింద కోపంగ చూస్తాండాడని రెండు దినాలు అన్నం తినలే. ఆ కోపం నాదేనా అయితే?"

భాయ్ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. ముందు ఆమే నవ్వింది.

"కొంచెం శాంతంగ చూసే కండ్లు కావాలంటే ఇప్పుడు తీస్తా, కూర్చో" అంది అక్క.

"వద్దక్కా. అవే పెట్టు. శాంతంగ చూస్తే మా నాయన కాడు."

కరెంటు పోతూ వస్తూ ఉన్న ఆ మధ్యాహ్నమంతా అక్క ఆ పనిలోనే కూర్చుంది. ఆమె లేచి పోకుండా పక్కనే ఉంది. రెప్ప ఒక్కొక్కటీ విడివడుతుంటే చెబుతూ వచ్చింది, ఎడమది కొంచెం కిందికుంటుంది, ఆ, అట్ల. చివరికి ఇద్దరూ గడప దగ్గరికి పోయి నిలబడ్డారు. రుమాలు చుట్టుకున్న మనిషి వాళ్లను దాటి, రోడ్డు మీద ఎక్కడో తప్పిపోయిన మందను చూస్తున్నాడు.

"ఇంగ చాలు" అంది ఆమె. కొత్త పటాన్ని అదే గుడ్డలో చుట్టుకుని బస్సుకు పోయింది.

ఆ తరవాత నేను ఎప్పుడు పోయినా అక్క స్క్రీన్ మీద ఎవరో ఒక పెద్దమనిషి సగం తెరిచిన కళ్లతో ఉండేవాడు. కళ్లు ఎవరివో ఆ తేదీల వరసలోనే వెతుక్కునేది. దొరకనివి పక్కన పెట్టేది. ఎవరూ అడిగిన పని కాదది. భాయ్ ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు, "ఎవరన్నా వచ్చి అడిగినప్పుడు చేద్దువులే, ఇప్పుడేం తొందర?"

అక్క తల తిప్పలేదు. "వాళ్ళొచ్చేసరికి ఈయప్ప ఇట్ల నిద్దర పోతాంటే బాగుంటాదా?" అని, మౌస్‌ను మునివేళ్లతో పట్టుకుని రెండో కన్ను మొదలుపెట్టింది.